ప్రతినాయకుల ఏడాది: మన కాస్ప్లే సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మీరు తీర్మానించిన మేరకు ఈ ఏడాది కాస్ప్లే (సినిమాలు, కామిక్స్, ఆటల్లోని పాత్రల వేషం కట్టడం) శిక్షణ తరగతులన్నిటినీ విలన్ పాత్రలకే కేటాయించాం. ఆ పని ఎలా సాగిందో, అందులో మనకు ఏం ఒనగూడిందో కార్యవర్గం తరఫున ఈ నివేదికలో వివరిస్తున్నాను. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా పంపారు కనుక ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

ఏడాది మొదట్లో చాలా వేషాల్లో ఒకే లోపం కనిపించింది. భయపెట్టాలన్న తొందరలో చేతికందినవన్నీ ఒకేసారి తగిలించేస్తున్నాం. ముఖం నిండా నెత్తురు, నుదుటి మీద కొమ్ములు, చెంప మీద గాటు, ఎర్రటి కళ్లు, భుజాల మీద ముళ్లు. చూసేవారి కన్ను దేని మీదా నిలవదు. అందుకే ప్రతి తరగతినీ ఒక ప్రశ్నతో మొదలుపెట్టాం: ఈ పాత్రకు ఏం కావాలి? సింహాసనమా, పగ తీరడమా, తన మాటకు ఎదురు లేకపోవడమా? న్యాయం తన వైపే ఉందని నమ్మే విలన్ ఆ నమ్మకంతోనే దుస్తులు వేసుకుంటాడు, తల దువ్వుకుంటాడు, మన వైపు చూస్తాడు. ఆ ప్రశ్నకు జవాబు దొరికాక దానికి పనికిరాని అలంకారాలను సభ్యులు తమంతట తామే తీసి పక్కన పెట్టారు. ఈ ఏడాది మనం సాధించిందేమిటని అడిగితే నేను ముందుగా ఇదే చెబుతాను.

దుస్తుల తరగతుల్లో ఎక్కువ సమయం భుజాల మీంచి వెనక్కి వేలాడే కేప్‌కూ కవచానికీ పట్టింది. పలుచని శాటిన్ ఫ్లాష్ వెలుగులో తళుక్కుమని మెరిసి ప్రతి ముడతనూ బయటపెడుతుంది. వెల్వెట్ అయితే వెలుతురును మింగేస్తుంది, నలుపు నిజంగా నల్లగా కనిపిస్తుంది. అంచు మడతలో సన్నని గొలుసు పెట్టి కుడితే కేప్ కాళ్లకు చుట్టుకోకుండా నిండుగా వేలాడుతుంది. మనిషి గిర్రున తిరిగినప్పుడు రవ్వంత ఆలస్యంగా వెంట వస్తుంది. ఆ ఆలస్యంలోనే దర్జా ఉంది. అయితే బరువంతా మెడకు కట్టిన తాడు మీద పడితే ఊపిరాడదు. భుజాల దగ్గర లోపలి అంగీకి హుక్కులతో బిగించుకోవాలి. నిలువు కాలరుకు బక్రం (లోపల పెట్టే గట్టి గుడ్డ) ఒక్కటే చాలదు, పై అంచు వెంట వంగే తీగ కూడా ఉంటేనే రోజంతా నిలుస్తుంది.

కవచాలకు మనం వాడేది ఈవీఏ ఫోమ్ అనే తేలికైన, మెత్తని షీటు. వేడి గాలి ఊదే హీట్ గన్‌తో పైపైన వేడి చేస్తే ఉపరితలం మూసుకుని రంగును పీల్చకుండా ఉంటుంది. అతికించడానికి వాడే జిగురు కాంటాక్ట్ సిమెంట్‌ను రెండు అంచులకూ పూసి, వేలికి అంటుకోనంతగా ఆరాకే కలపాలి. ఒకసారి అతుక్కుంటే సర్దుకునే వీలుండదు. ఆ ఆవిరి ఒంటికి మంచిది కాదు కాబట్టి కిటికీలు తెరిచి, రసాయనాల ఆవిరిని ఆపే ఫిల్టరున్న మాస్కు పెట్టుకునే పని చేయాలి. ధూళిని మాత్రమే ఆపే మామూలు మాస్కు ఇందుకు పనికిరాదు.

పాతబడిన రూపం తెప్పించే తరగతిలో జరిగిన ఒక సంగతి ఇక్కడ రాయాల్సిందే. ఒక సభ్యుడు సేనాపతి కవచం తెచ్చారు. అందంగా చేశారు, కానీ గీతలు ఒళ్లంతా సమానంగా ఉన్నాయి. "ఈయన కత్తి ఏ చేత్తో పడతాడు?" అని పక్కనున్న సభ్యురాలు అడిగారు. కుడిచేత్తో అన్నారాయన. అయితే దెబ్బలు కాచుకునేది ఎడమ ముంజేయి కదా! ఇద్దరూ కూర్చుని ఎడమ ముంజేతి మీద లోతైన గాట్లు చెక్కారు. నల్ల అక్రిలిక్ రంగును నీళ్లలా పలచగా కలిపి పూసి, వెంటనే గుడ్డతో తుడిచి, సందుల్లో మాత్రం ఉండనిచ్చారు. ఒర తగిలే నడుము అంచున దాదాపు పొడిగా ఉన్న బ్రష్షుతో వెండి రంగు అద్దారు. వీపు మీదున్న గీతలన్నిటినీ పూడ్చేశారు, ఆ సేనాపతి ఎన్నడూ వెన్ను చూపినవాడు కాదు కనుక. రంగు ఆరాక కవచం తొడుక్కుని లేచిన మనిషి నడకే మారిపోయింది.

మేకప్‌లో కనుబొమ్మలదే పెద్ద పీట. బొమ్మ వాలు మారితే ముఖభావమే మారిపోతుంది. సొంత కనుబొమ్మలను కప్పడానికి నీటితో కడిగితే పోయే జిగురు కడ్డీ చాలు. ముందు వెంట్రుకలకు ఎదురుగా, తర్వాత వాటి దారిలో రుద్ది చర్మానికి అణచాలి. ఆరాక పౌడర్ అద్ది మళ్లీ పూయాలి. తొందరపడి పొరను పచ్చిగా ఉంచితే పైన వేసిన రంగంతా లేచిపోతుంది. నల్లని వెంట్రుకల నీలి ఛాయ కనబడకుండా నారింజ రంగు కరెక్టర్ వేసి, ఆపైన ఫౌండేషన్ పూయాలి. కొత్త కనుబొమ్మను పైకి లేపి గీస్తే గర్వం, ముక్కు వైపు దించి గీస్తే ఆగ్రహం. చెంపల కింద నీడకు ఎర్రటి గోధుమ కన్నా బూడిద కలిసిన గోధుమ నయం, అసలు నీడ ఛాయ అదే. తెల్లని ముఖాలు వేసేవారు చెవులను, మెడను, చేతులను మరిచిపోవద్దని ప్రతిసారీ గుర్తు చేయాల్సి వచ్చింది. కొన్ని పౌడర్లు ఫ్లాష్‌కు ముఖాన్ని సున్నం కొట్టినట్టు చూపిస్తాయి కాబట్టి బయలుదేరే ముందే ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూసుకోవాలి.

భద్రత విషయంలో కార్యవర్గం రాజీపడదు. రంగు కాంటాక్ట్ లెన్సులు కంటి డాక్టరు కొలత తీసి రాసినవే పెట్టుకోవాలి. అమెరికాలో 2005 నుంచి అలంకారం కోసం వాడే లెన్సులను కూడా వైద్య పరికరాల కిందే లెక్కగట్టి, డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదన్నారు. ఒకరి లెన్సులు మరొకరు పెట్టుకోవడం, వాటిని కుళాయి నీటితో కడగడం కంటికి చేటు. ద్రవ లేటెక్స్ (చర్మం మీద పూసే ద్రవ రబ్బరు), స్పిరిట్ గమ్ (చర్మానికి అతికించే జిగురు) వాడేవారు ఒక రోజు ముందే మోచేతి లోపలి వైపు కొద్దిగా పూసి చూసుకోవాలి. లేటెక్స్ పడనివారు తరగతికి ముందే చెబితే బదులు సామగ్రి సిద్ధం చేస్తాం.

విగ్గుల తరగతి క్లుప్తంగానే ముగిసింది. మామూలు సింథటిక్ పోగులు వేడి తగిలితే కరుగుతాయి. వేడిని తట్టుకునే రకమైనా ప్యాకెట్ మీద రాసిన హద్దు దాటకూడదు, అది చాలావాటికి 180 డిగ్రీల సెల్సియస్ లోపే ఉంటుంది. కొత్త విగ్గు మెరుపు పొడి షాంపూతో తగ్గుతుంది. నుదుటి దగ్గర వెంట్రుకల వరుస సహజంగా కనిపించాలంటే ముందు భాగంలో సన్నని జాలీ ఉన్న విగ్గు తీసుకోవడం మేలు.

ఇక భంగిమలు. నా మట్టుకు నాకు ఏడాది మొత్తంలో బాగా నచ్చిన తరగతులు ఇవే. పళ్లు బిగించి, పంజా విసిరినట్టు వేళ్లు చాపితే విలన్ అయిపోడు. గడ్డం కాస్త దించి, కనుబొమ్మల కింద నుంచి కెమెరాను చూస్తే కళ్ల మీద నీడ పడి చూపు బరువెక్కుతుంది. గడ్డం ఎత్తి, రెప్పలు సగం వాల్చితే ఎదుటివాడిని లెక్కచేయని రాణి ప్రత్యక్షమవుతుంది. బరువంతా ఒక కాలి మీదే ఉంచాలి. చేతులకు ఏదో ఒక పని చెప్పాలి, ఉంగరం తిప్పడమైనా సరే. కెమెరాను నడుము ఎత్తుకు దించితే మనిషి పొడుగ్గా కనిపిస్తాడు. దీపాన్ని ఒక పక్కకు జరిపితే సగం ముఖం చీకట్లోకి వెళుతుంది. మన మాంత్రికురాలి వేషం వేసే సభ్యురాలు ఊరికే కుర్చీలో వెనక్కి ఆనుకుని, చూపుడు వేలితో కుర్చీ చేతిని తట్టారు. గదిలో మాటలు ఆగిపోయాయి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదించేవి రెండు: చేతి తొడుగులు, బూట్లు కుట్టే తరగతి ఒకటి, చీకటి గదిలో ఒకే దీపంతో ఫొటోలు తీసే తరగతి మరొకటి. అభ్యంతరాలుంటే సర్వసభ్య సమావేశానికి ముందే కార్యదర్శికి రాసి పంపండి. సంఘం హీట్ గన్లు, విగ్గులు తగిలించే బొమ్మ తలలు తీసుకెళ్లినవారు సమావేశం రోజున తెచ్చి అప్పగించాలని మనవి.

కార్యదర్శి, కార్యవర్గం తరఫున