కీమో ఎక్కాక చెబితే ఏం లాభం?

సంపాదకుడు గారికి,

క్యాన్సర్ తగ్గాక కూడా పిల్లల్ని కనొచ్చంటూ పోయిన వారం అరపేజీ వేశారు. పాపాయి ఫొటో బ్రహ్మాండం. అసలు ముక్కే లేదు: కీమో మందులు వీర్యాన్ని, అండాల్ని దెబ్బతీయొచ్చు కాబట్టి, వాటిని దాచుకునే ఏర్పాట్లన్నీ మొదటి కీమో ఎక్కకముందే జరగాలి.

మగవాళ్లది తేలిక. వీర్యం ఇచ్చి వస్తే ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర దాచేస్తారు. ఆ కాస్త పనికి చెప్పే నాథుడు లేక, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు నాలుగు విడతలు ఎక్కాక ‘ముందే అడగాల్సింది’ అంటారు. అడగాలని రోగికి కలొస్తుందా? జుట్టు రాలుతుందని చెప్పే నోటికి ఈ మాటే బరువైందా? అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2006లోనే మార్గదర్శకాల్లో రాసిన మాట ఇది!

ఆడవాళ్లకైతే దాచడానికి అండాలు పెరగాలి, అందుకు ఇంజక్షన్లు సుమారు 10 నుంచి 14 రోజులు. నెలసరి దాకా ఆగడం పాత పద్ధతి, ఇప్పుడు ఏ రోజైనా మొదలుపెడతారు. ఈస్ట్రోజన్ హార్మోన్‌తో పెరిగే రొమ్ము క్యాన్సరైతే, ఆ హార్మోన్ మరీ పెరగకుండా లెట్రోజోల్ మాత్ర కలుపుతారు. రజస్వల కాని పిల్లకు అండాశయం ముక్క తీసి దాచడమే దారి. లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో ఆ ముక్కను తిరిగి అతికిస్తే క్యాన్సర్ కణాలూ వెంట రావచ్చు. చిన్న మగపిల్లలకైతే ఇంకా ప్రయోగ దశే. మీ వ్యాసం అన్నిటినీ ‘ఆధునిక పద్ధతులు’ అని ఒకే గాటన కట్టేసింది.

ఇక సంతకాల బాగోతం. నర్సు పెన్సిల్ టిక్కు పెట్టిన చోటల్లా సంతకమే. మనిషి పోతే నిల్వ ఏం చేయాలన్న గడి మాత్రం ఖాళీ. పద్నాలుగేళ్ల పిల్లాణ్ని బయట కూర్చోబెట్టి తల్లిదండ్రులతో పని కానిచ్చేస్తారు, శరీరం వాడిదైనా.

అండాన్ని వీర్యంతో కలిపి పిండాలుగా దాస్తే ఇద్దరి సమ్మతీ కావాలి. బ్రిటన్‌లో నటాలీ ఎవాన్స్ 2001లో అండాశయాలు తీయించుకునే ముందు భాగస్వామితో కలిసి పిండాలు దాచుకుంది. విడిపోయాక అతను కుదరదన్నాడు. ఆమె ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లి 2007లో ఓడిపోయింది. అండాలే దాచొచ్చా అని ఆమె ముందే అడిగింది, ఆ క్లినిక్‌లో అది చేయరన్నారు. ఇప్పుడు ఆ సదుపాయం ఉన్నచోట కూడా అండాలకూ పిండాలకూ ఉన్న ఈ తేడా విడమరిచి చెప్పేవారేరీ?

ఫిబ్రవరి 4న, ప్రపంచ క్యాన్సర్ దినం నాడు, రిబ్బన్లు కట్టుకుని ఊరేగడానికి అధికారులకు తీరికే. కేస్‌షీట్‌లో ‘సంతానం గురించి చెప్పాం’ అన్న ఒక్క గడి చేర్చమంటే మాత్రం కమిటీ వేయాలంటారు.

ఈసారి పాపాయి ఫొటో కాస్త కుదించి, ఆ జాగాలో కీమోకు ముందు డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు వేయండి.

– ఒక పాఠకుడు