తమ్ముడి టీబీ మందులు పూర్తయ్యాయి, అందరికీ కృతజ్ఞతలు

మా తమ్ముడి ఆరు నెలల టీబీ కోర్సు ఈ వారంతో అయిపోయింది. కఫం పరీక్ష నెగెటివ్ వచ్చింది. అందరికీ విడివిడిగా ఫోన్ చెయ్యలేక ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ప్రభుత్వాసుపత్రి ఛాతీ డాక్టరమ్మగారికి. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన గుంట కనిపించేసరికి ఇంటిల్లిపాదీ హడలిపోయాం. క్రిమి ఊపిరితిత్తిని తినేస్తోందనుకున్నాం. ఓపీ బయట అంతమంది ఉన్నా ఆవిడ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. నష్టంలో పెద్ద వాటా మన ఒంటి రక్షణ వ్యవస్థదేనట! క్రిమిని మింగిన కణాలు దాన్ని చంపలేకపోతే, మిగతా కణాలు చుట్టూ చేరి చిన్న గడ్డ కడతాయి. ఆ గడ్డ నడుమ కణజాలం చచ్చి విరిగిన పాలముద్దలా అవుతుంది. మన కణాల నుంచే వచ్చే ఎంజైములు ఊపిరితిత్తికి ఆధారమైన కొల్లాజెన్‌నీ కరిగిస్తాయి. ఆ ముద్ద పల్చబడి శ్వాసనాళంలోకి తెగితే దగ్గుతో బయటికి పోతుంది, అక్కడ గుంట మిగులుతుంది. గాలి ఆడే ఆ గుంటలో క్రిములు కోట్లలో పెరుగుతాయి. దాని గోడలో రక్తనాళం దెబ్బతింటే కఫంలో రక్తం పడుతుంది.

ఆ బొమ్మే మమ్మల్ని కాపాడింది. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఒళ్లు వచ్చి, ‘ఇంకా మాత్రలెందుకు’ అని మొదలుపెట్టాడు వాడు. చచ్చిన కణజాలంలో మందకొడిగా బతికే క్రిములుంటాయి, మిగతా నాలుగు నెలలూ వాటికోసమేనని ఆశా అక్క ఆ కాగితమే చూపించి ఒప్పించింది. అక్కా, నీ రుణం తీరదు. మూత్రం నారింజ రంగులో వస్తోందని రాత్రిపూట కంగారుగా ఫోన్ చేస్తే, అది టీబీ మందు రిఫాంపిసిన్ రంగేనని విసుక్కోకుండా చెప్పిన ఫార్మసీ తమ్ముడికీ థాంక్స్.

గుడ్లు, పప్పులు పంపిన స్నేహితులకూ, వాడికి వేరే కంచం పెట్టని పక్కింటి పిన్నిగారికీ దండాలు. టీబీ రోగుల తిండికోసం ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ పథకం కింద నెలకు వచ్చే 1000 రూపాయలు కూడా పాలకీ పండ్లకీ బాగా అక్కరకొచ్చాయి. గది ఖాళీ చెయ్యమన్న ఓనరు గురించి ఇక్కడ రాయను.

గుంట ఉన్నచోట మచ్చ ఉండిపోవచ్చట. రేపు వేరే డాక్టరు దాన్ని చూసి మళ్లీ టీబీ అనుకోకుండా పాత ఎక్స్‌రేలన్నీ దాచుకోమన్నారు. రెండేళ్లపాటు ఆర్నెల్లకోసారి చూపించుకోవాలి. మన వీధిలో ఎవరికైనా రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే నాకు మెసేజ్ పెట్టండి, కఫం పరీక్షకి నేనే తోడొస్తాను.