ట్రాక్టరు సంగతి

అమ్మా,

ట్రాక్టరు సంగతి వదిన చెప్పేసిందని నిన్న నీ గొంతు బట్టే తెలిసింది. ఫోన్లో చెబుతుంటే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను విసుక్కుంటాను. అందుకే రాస్తున్నా.

వదిన చెప్పినట్టు కారు పల్టీ కొట్టలేదు. రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే కంకర రోడ్డు మీద జారి పక్క గుంతలోకి దిగింది. అందులో నడుము లోతు మంచు, దూదిలో కూరుకున్నట్టే. ఈ కెనడా చలికి బయట మైనస్ 34. దుప్పటి, పార, కొవ్వొత్తి చలికాలమంతా కార్లోనే ఉంటాయి, ఇక్కడ అందరూ పెట్టుకుంటారు. పావుగంటలో అవతలి పొలం ఆయన ట్రాక్టరేసుకొచ్చి గొలుసు తగిలించి లాగేశాడు. "నైట్ డ్యూటీనా?" అన్నాడు, అంతే. డబ్బులివ్వబోతే తిట్టినట్టు చూశాడు. నేను పడుకుని లేచేసరికి ఊరందరికీ తెలుసు. పొద్దున్నే ముసలి రైతులు కాఫీ కప్పులతో కూర్చుంటారు, దాన్ని కాఫీ రో అంటారు. మన రావిచెట్టు అరుగే అనుకో, తువ్వాళ్ళ బదులు టోపీలు.

ఆస్పత్రి పని మామూలే. చిన్నది స్కేటింగ్ నేర్చుకుంటోంది.

మళ్ళీ టొరంటో పక్కనున్న బ్రాంప్టన్ వెళ్ళిపొమ్మంటావు, అక్కడైతే మనవాళ్ళుంటారని. అక్కడి బేస్‌మెంట్‌లో రెండేళ్ళున్నాం, పై అంతస్తు వాళ్ళ పేరు కూడా తెలీదు. మీ అల్లుడి ఉద్యోగం ఇక్కడి ధాన్యం గోదాములో, ఎలివేటర్ అంటారు. మేముండే ఈ సస్కాచెవాన్ రాష్ట్రం అంటే అడవి కాదమ్మా, కనుచూపు మేర పొలాలే.

నిజం చెప్పొద్దూ, మొదటి ఏడాది కష్టంగానే గడిచింది. ఎదురైన ప్రతి బండివాడూ స్టీరింగ్ మీంచి ఒక వేలెత్తి పలకరిస్తాడు. చలి గురించి మాట్లాడతారు, నవ్వుతారు, గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోతారు. లోపలికి రమ్మన్నవాళ్ళు లేరు. పోస్టాఫీసు దాకా పనిలేకపోయినా నడిచేదాన్ని, ఎవరో ఒకరు కనబడతారని. ఇది నీకప్పుడు చెప్పలేదు.

కోతలయ్యాక ఊరి హాల్లో పెద్ద భోజనాలు పెడతారు, ఫౌల్ సప్పర్ అంటారు. మొదటిసారి టికెట్ కొని, ఓ మూల కూర్చుని, బంగాళాదుంప ముద్ద తిని వచ్చేశాం. రెండో ఏడు ఊరికే వంటగదిలోకి తొంగిచూశా. ఒక ముసలావిడ నా పేరైనా అడక్కుండా తువ్వాలు నా మీదకి విసిరి, తుడవమంది. అచ్చం పెద్దత్త! రాత్రి పదింటి దాకా ప్లేట్లు తుడిచాను. మర్నాటి నుంచి నాకు పేరొచ్చింది. సరిగ్గా పలకలేరనుకో, అయినా నాదే.

నాన్నకిది చెప్పు. ట్రాక్టరాయన పండించేది బఠాణీలూ మైసూర్ పప్పూ. 2017 నవంబర్లో ఇండియా బఠాణీల మీద 50 శాతం సుంకం వేసింది కదా, ఆ కోపం ఇంకా ఉంది. "మీవాళ్ళెందుకలా చేశారు?" అని నన్నే అడిగాడు, నేనేదో మంత్రినైనట్టు. ఆ రోజుల్లోనే నాన్న శనగ బస్తాలు ధర లేక కోల్డ్ స్టోరేజీలో మూలిగాయని చెప్పాను. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. వెళ్తూ వెళ్తూ ఐస్‌క్రీం డబ్బా నిండా పప్పు గింజలిచ్చాడు. తొక్కతోనే, గడ్డిపరకలతో సహా. చేట లేదుగా, పళ్ళెంలోనే చెరిగి ఏరాను. మైసూర్ పప్పు వేడి చేస్తుందని నువ్వెప్పుడూ ఇంట్లోకి రానివ్వలేదు, నాకు వండటమే రాదు. తాలింపు పెడితే పొగకి అలారం మోగి మీ అల్లుడు కుర్చీ ఎక్కాడు. ట్రాక్టరాయనకో గిన్నెడు పంపితే, ఇరవై ఏళ్ళుగా పండిస్తున్నా, ఇలా తినడం ఇదే మొదలన్నాడు. రెండోసారి గిన్నె ఆయనే పట్టుకొచ్చాడు.

అన్నట్టు, కర్నూలు నుంచి మన బడికొచ్చిన టీచరమ్మ గుర్తుందా? వెనకవీధిలో ఐదేళ్ళు అద్దెకుంది. ఆవిడ యాసని వెక్కిరించి నేను పిల్లలందర్నీ నవ్వించేదాన్ని. పేరంటానికి మనం ఒక్కసారైనా పిలిచామా? నిన్ననడం లేదు, ఊరికే గుర్తొచ్చింది. సాయంత్రాలు పిల్లలకి ఉత్తినే లెక్కలు చెప్పేది, ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. ఎక్కడుందో నాన్నని కనుక్కోమను.

ఇక్కడ ఎండాకాలానికీ చలికాలానికీ గడియారాలు మార్చరు, ఏడాది పొడుగునా పదకొండున్నర గంటల తేడానే. నీకు రాత్రి ఎనిమిదిన్నరంటే నాకు పొద్దున తొమ్మిది. ఆదివారం అప్పుడే చెయ్యి. బీపీ మాత్ర వేసుకున్నాకే.

రేపు పగలు డ్యూటీ. రాత్రంతా ఇంజను వెచ్చగా ఉండాలంటే కారుకి కరెంటు ప్లగ్గు పెట్టాలి, ఆ వైరు మీద మంచు గడ్డకట్టి ఉంటుంది. వెళ్ళొస్తా.

వదినకి చెప్పు, పల్టీ కొట్టలేదని.

నీ కూతురు