తలుపు తీసిన తరవాత

విజయవాడ,
సోమవారం మధ్యాహ్నం

ఒరేయ్ కత్తెరా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది. తిట్టాలనుకుంటే ఇది మొత్తం చదివాక తిట్టు, అప్పటికి నీకు నవ్వడానికే ఊపిరి చాలదు. ముందు ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాళ్ల నొప్పి అలాగే ఉంది. చిన్నది పదో తరగతికి వచ్చింది, లెక్కలంటే నాలాగే వణుకు. పుస్తకం అచ్చయింది. నీకు పంపలేదు.

ఎందుకు పంపలేదో నీకు తెలుసు. రెండేళ్ల కిందట మీ ఖరగ్‌పూర్ స్టేషన్లో, చేతిలో టీ చల్లారిపోతుండగా నువ్వన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. "నీ చివరి కథ మా ప్లాట్‌ఫారం లాంటిదిరా, బండి వెళ్లిపోయినా అది అయిపోదు" అన్నావు. కిలోమీటరు దాటి సాగే ప్లాట్‌ఫారంతో పోలికా నా కథకు! అమ్మ తలుపు తీసిన దగ్గర ఆపెయ్యి, ఆ తరవాతి పేజీలన్నీ కథ కాదు, నీ ఆత్రం అన్నావు. నేను రెండు నెలలు నీతో మాట్లాడలేదు. సరే, అది అలా ఉంచు.

పోయిన నెల ఒక రాత్రి కంచం ముందు కూర్చున్నానో లేదో, తెనాలి నుంచి ఫోను. రిటైరైన తెలుగు లెక్చరరుగారు, ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. నలభై నిమిషాలు మాట్లాడారు. చారన్నం గడ్డకట్టింది. మన పుస్తకం గురించి ఇంతసేపు మాట్లాడే మనిషి ఏడాదికి ఒక్కడు దొరికితే గొప్ప, అందుకని లేవలేదు. ఇంతకీ ఆయనకు నచ్చింది ఏమిటనుకున్నావు? చివరి కథ ముగింపు. "ముగించకుండా వదిలేశారు చూశారూ, అక్కడ మీరు పాఠకుణ్ణి గౌరవించారు" అన్నారు.

నేను, వదిలెయ్యడమా! నా సంగతి నీకు తెలియనిదేముంది, పెళ్లిళ్లు చేసి, దినాలు పెట్టి, పొలం గట్లు సరిచేసి గానీ కథలోంచి బయటికి రాను. ఆయన మాత్రం పరవశించిపోతున్నారు. "అమ్మ తలుపు తీసింది. అంతే! పదకొండేళ్ల తరవాత వచ్చిన కొడుకా, అప్పులవాడా, పక్కింటి పిల్లా? చెప్పలేదు మీరు!" మనిషికి మగత కమ్మి పుస్తకం మూసేశారేమో అనుకున్నాను. అయినా ఏమన్నానో తెలుసా? "అవునండీ" అన్నాను. ఒక మనిషి నోరారా పొగుడుతుంటే "అయ్యా, ఇంకా పదమూడు పేజీలున్నాయి" అనడానికి నోరు పెగల్లేదురా.

ఆ "అవునండీ" నన్ను తెనాలి దాకా లాక్కెళ్లింది. వాళ్ల లైబ్రరీ మేడ మీద నెలకోసారి కొంతమంది కూర్చుంటారట, రమ్మన్నారు. నిన్న వెళ్లాను. పద్దెనిమిది మంది, ప్లాస్టిక్ కుర్చీలు, తిరిగినప్పుడల్లా మూలిగే ఫ్యాను. లెక్చరరుగారు పావుగంట తలుపు గురించి మాట్లాడారు. తలుపు అంటే తెలుగు కథలో ఏమిటి, గడప అంటే ఏమిటి... నేను తలవంచుకుని కాగితం కప్పులో టీ వైపు చూస్తూ కూర్చున్నాను, వినయం అనుకున్నారు అందరూ.

అప్పుడు వెనక వరసలోంచి ఒకావిడ లేచారు. బ్యాంకులో పనిచేస్తారట. జనవరిలో మా ఊరి పుస్తక మహోత్సవంలో కొన్నారట పుస్తకం.

"అన్నీ బాగున్నాయండీ, ఆ తల్లిని మాత్రం చంపకుండా ఉండాల్సింది" అన్నారు.

"ఏ తల్లి?" అన్నారు లెక్చరరుగారు.

"ఈ కథలో తల్లేనండీ. ఆస్పత్రి వరండాలో..."

"ఏ ఆస్పత్రి? అమ్మా, మీరు టీవీలో ఏదో సీరియల్‌తో కలిపేసుకుంటున్నారు."

ఆవిడకు రోషం వచ్చింది. సంచిలోంచి పుస్తకం తీసి, 139వ పేజీ తెరిచి, ఆయన ముందు పెట్టారు. ఆయన తన పుస్తకం తిప్పారు. 128. ఆ తరవాత అట్ట. మళ్లీ తిప్పారు. మళ్లీ అట్ట. రెండు పుస్తకాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టారు. ఆవిడది ఒక దారం మందం లావుగా ఉంది. గదిలో ఫ్యాను మూలుగు తప్ప ఇంకేం లేదు. పద్దెనిమిది మందీ తలలు తిప్పి నావైపు చూశారు.

జరిగింది ఇదిరా. పుస్తకం 144 పేజీలు. ఫారానికి పదహారు పేజీల లెక్కన తొమ్మిది ఫారాలు. బైండింగు షాపులో మడిచిన ఫారాలు తొమ్మిది దొంతరలుగా పేర్చి, ఒక్కో దొంతరలోంచి ఒక్కోటి తీసుకుంటూ పోతారు. ఎవడో మహానుభావుడు తొమ్మిదో దొంతర దగ్గరికి వచ్చేసరికి టీకి వెళ్లినట్టున్నాడు. కొన్ని కాపీలు ఎనిమిది ఫారాలతోనే అట్ట కట్టుకున్నాయి. విడ్డూరం అది కాదు. 128వ పేజీ ఆఖరి పంక్తిలో వాక్యం సరిగ్గా చుక్కతో ముగిసింది. "అమ్మ తలుపు తీసింది." కొలిచి కోసినట్టు! "అమ్మ తలుపు" దగ్గర తెగి ఉంటే ఆయనే ఫోను చేసి నన్ను కడిగేసేవారు. నాలుగు సార్లు ప్రూఫులు దిద్దాను. అను ఫాంటులో ఎగిరిపోయిన వత్తులన్నీ వెనక్కి తెచ్చి కూర్చోబెట్టాను. పుస్తకం చేతికొచ్చాక పేజీలు లెక్కపెట్టుకోవాలని మాత్రం తోచలేదు.

చెప్పేశాను అక్కడే, అంతా. లెక్చరరుగారు ఏమీ అనలేదు. ఆవిడ పుస్తకం అడిగి తీసుకుని, కిటికీ పక్కకు కుర్చీ జరుపుకుని, అందరూ చూస్తుండగా ఆ మిగతా పేజీలూ చదవడం మొదలుపెట్టారు. ఒక్క మనిషి కోసం సభ మొత్తం ఆగిపోయింది. రెండోసారి టీ వచ్చింది. నా గుండె ఎలా కొట్టుకుందంటే, పదో తరగతి ఫలితాల రోజు మనం పేపరు చింపుకున్నామే, అలా. చివరికి ఆయన పుస్తకం మూసి, ఆవిడకు ఇచ్చేసి, కళ్లజోడు తుడుచుకుంటూ నన్నడిగారు:

"ఇవి కూడా మీరే రాశారా?"

నవ్వరా, నవ్వు. నాకు తెలుసు నవ్వుతావని.

మంచి కాపీ ఒకటి తీసుకోండని చెయ్యి చాపితే పుస్తకం ఒళ్లోకి లాక్కున్నారు. "వద్దండీ. ఇది నేను డబ్బు పెట్టి కొనుక్కున్నాను" అన్నారు.

అప్పుడే మీసం మెలెయ్యకు. ఆ బ్యాంకావిడ మెట్లు దిగుతూ నా పక్కకు వచ్చి, "తలుపు దగ్గర ఆపేస్తే నాకు రాత్రంతా నిద్రపట్టేది కాదండీ. ఆ వరండా పేజీలు రెండుసార్లు చదివాను" అన్నారు నెమ్మదిగా. ఆ వరండా ఎక్కడిదో నీకు తెలుసు. నాన్నతో నేనున్న ఆ పదహారు రోజులు. నువ్వు క్యారియరు తెచ్చి, మూత తెరవకుండానే తిరిగి పట్టుకెళ్లిన రోజు కూడా అందులో ఉంది, పేరు మార్చాను గానీ. నువ్వు కత్తిరించమన్నది అదిరా. కథకు అక్కర్లేదేమో, నిజమే. కానీ నేను ఇంకెక్కడ పెట్టను దాన్ని...

సరే పోనీ. ఇంకో తమాషా విను. వారం మొత్తం నేను చేసే పని దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఫోనులో వినే కథల కంపెనీ ఒకదానికి సీరియల్ రాస్తున్నానని చెప్పాను కదా, ఎపిసోడుకు ఇంతని ఇస్తారు. ఇప్పుడు 140 దాటింది. అక్కడ ఏదీ ముగియకూడదు. ప్రతి ఎనిమిది నిమిషాలకూ ఎవరో తలుపు కొట్టాలి, ఎవరన్నది మర్నాటి దాకా చెప్పకూడదు. నాయికకు మూడుసార్లు మతిపోయింది, నాలుగోసారికి నాకు పోతుంది. చిన్నదాని ఫీజు కట్టేది ఆ తలుపులే. కథల పుస్తకం మాత్రం నా జేబులోంచే తింటోంది. అయిదు వందల కాపీలకు నలభై రెండు వేలయింది. షాపులవాళ్లకు వందకు నలభై వదులుకోవాలి. పోస్టులో పంపుదామంటే 2025 సెప్టెంబరు నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు, చిన్న పుస్తకానికి కూడా టపా ఖర్చు చూస్తే చెయ్యి ఆగిపోతోంది.

పొద్దున లేచి మంచం కింద ఉన్న కాపీలన్నీ బయటికి లాగి లెక్కపెట్టాను. 212 ఉన్నాయి. అందులో తోక తెగినవి 37. షాపులకు వెళ్లినవాటిలో ఎన్నో, పంచిపెట్టినవాటిలో ఎన్నో దేవుడికి తెలియాలి. అన్నిటికన్నా నన్ను తినేస్తున్నది ఏమిటంటే, శ్రీకాకుళం కథానిలయానికి రెండు కాపీలు పంపాను. కథకుడు కాళీపట్నం రామారావు, మన కారా మాస్టారు, 1997లో కథల కోసం పెట్టిన ఇల్లు అది. తెలుగులో అచ్చయిన ప్రతి కథా అక్కడ చేరాలని ఆయన తపన. అక్కడికి నాది ఏది వెళ్లింది? నీ కథా, నా కథా? ఒక్కోటి వెళ్లి ఉంటే, ఏ పాతికేళ్లకో పరిశోధన చేసే పిల్ల ఎవరో ఆ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని "రచయిత రెండు పాఠాలు రాశాడు" అని పేజీలకు పేజీలు...

ఆగు, ఫోను.

బైండరు. తప్పు తనదేనట, మిగిలిన తొమ్మిదో ఫారాలు తన దగ్గరే ఉన్నాయట. ఆ 37 పంపిస్తే అట్ట ఊడదీసి, ఫారం కలిపి, మళ్లీ అంటించి డబ్బు తీసుకోకుండా ఇస్తానంటున్నాడు. ఆటో కుర్రాణ్ణి పంపేశాడట కూడా, పది నిమిషాల్లో వస్తాడట. కట్టలు కట్టాలి. పుస్తకం ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను, కవరు అంటించకుండా ఉంచాను. ఏ కట్టలోది పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు. కింద హారను కొడుతున్నాడు, వచ్చేశాడు, ఉంటానురా.

నీ
ప్లాట్‌ఫారం