చలికాలపు సాయంత్రాల గురించి అబ్బాయికి

పాలకొల్లు,
డిసెంబరు 11.

చిరంజీవి సుబ్బుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. మాసూళ్ళు పూర్తయ్యాయి. సూరమ్మత్త మోకాలు కాస్త నయంగా ఉంది. మీ అమ్మ నీ కోసం సున్నుండలు చుడుతోంది. హైదరాబాదు చలి మన చలి కంటే గట్టిదని తెలుసు కనుక, ఆ ముదురు నీలం స్వెట్టరు పెట్టెలోనే ఉంచకుండా తీసి ఎండలో వేసి తొడుక్కో.

నాలుగు ఆదివారాలుగా నీ ఫోను రాలేదు. తాగుడు మానినవాళ్ళ మీటింగు ముగిశాక ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర నిలబడి మాట్లాడేవాడివి. మొదటిసారి వెనక గ్లాసుల చప్పుడు విని నా గుండె ఆగినంత పనైతే, అవి టీ గ్లాసులేనని నువ్వు ఓపికగా చెప్పావు. తరువాత ఆ చప్పుడు కోసమే ఎదురుచూడడం నాకు అలవాటైంది. మధ్యలో వేరే రోజుల్లో నువ్వు చేసిన ఫోన్లన్నీ "బాగున్నాను, పనిలో ఉన్నాను" అనే రెండు మాటలతో ముగిశాయి. పని ఎక్కువగా ఉండవచ్చు. నేను అడగదలచుకున్నది కూడా అది కాదు.

డిసెంబరులో ఐదూ ముప్పావుకల్లా పొద్దు గూకుతోంది. ఆఫీసు నుంచి గదికి చేరి, తలుపు వేసుకుని, పడుకునేదాకా నాలుగైదు గంటలు ఒక్కడివే గడపవలసిన కాలం ఇది. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగూ మళ్ళీ తాగుడు వైపు లాగుతాయని, వాటిని కనిపెట్టుకుని ఉండమని డీ-అడిక్షన్ సెంటర్‌లో మా ఇద్దరినీ కూర్చోబెట్టి డాక్టరుగారు చెప్పారు. చలికాలపు సాయంత్రం ఆ నాలుగూ ఒకేసారి వస్తాయేమోనని నా భయం.

ఈ మధ్య సత్యం బాబాయి తరచుగా గుర్తుకు వస్తున్నాడు. ఏటా కార్తీకంలో మాల వేసుకునేవాడు. మొదటి వారం చేతులు వణికేవి, ఆ తరువాత మనిషి తేటపడేవాడు. తెల్లవారుజామున నాలుగు గంటలకు గురుస్వామి, మరో ముగ్గురు స్వాములు వచ్చి "స్వామీ, లేవండి" అని పిలిచేవారు. అందరూ కలిసి కాలువలో చన్నీటి స్నానం చేసేవారు, సాయంత్రం భజన, కలిసి భిక్ష, నేల మీద చాపలు పరుచుకుని పక్కపక్కనే పడక. 41 రోజుల పాటు మద్యం మాటే ఎత్తేవాడు కాదు. కొండకు వెళ్ళివచ్చి మాల తీశాక మాత్రం మొదటి సాయంత్రం అరుగు మీద కూర్చుని రోడ్డు వంక చూసేవాడు, రెండో సాయంత్రమూ అంతే, మూడో రోజు లేచి షాపుకు వెళ్ళేవాడు. ఏడేళ్ళు అలాగే జరిగింది. దేవుడి భయం ఉన్నన్నాళ్ళే వీడి బుద్ధి అని నేనే తిట్టాను. మాల తీసిన మర్నాటి నుంచి ఆ నలుగురిలో ఒక్కరూ వాడిని పిలవడానికి రాలేదని గాని, గోడకు ఇవతల ఉన్న నేను కూడా పిలవలేదని గాని నాకు తోచలేదు.

ఎనిమిదో ఏడు గురుస్వామి మాల తీసిన రోజే, రేపటి నుంచి ఇదే వేళకు రైసుమిల్లు ఆవరణకు రమ్మని వాడికి చెప్పాడు. అక్కడ వల కట్టి బాల్ బ్యాడ్మింటన్ ఆడేవారు. జట్టుకు ఐదుగురు ఉండాలి కనుక ఒకడు రాకపోతే ఆట సాగదు, మిగిలినవాళ్ళు ఇంటికి వచ్చి మరీ లేపుకుపోతారు. మంచుకు పసుపు రంగు ఉన్ని బంతి తడిసి బరువెక్కితే, పొయ్యి దగ్గర ఆరబెట్టడం బాబాయి పని. రెండు అరచేతుల మధ్య దాన్ని తిప్పుతూ కూర్చున్న బాబాయి ముఖం నాకు ఇప్పటికీ కనబడుతూనే ఉంది. పోయేదాకా, తొమ్మిదేళ్ళు, మళ్ళీ ముట్టుకోలేదు.

నువ్వు ఇచ్చిన చిన్న పుస్తకం రెండుసార్లు చదివాను. 1935లో అమెరికాలోని అక్రన్‌లో ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జను ఎదురెదురుగా కూర్చుని తమ తాగుడు గురించి మాట్లాడుకోవడంతో మీ మీటింగులు మొదలయ్యాయట. వాళ్ళకు తోడు ఎంత అవసరమైందో నీకూ అంతే అవసరం. మీటింగు వారానికి ఒక్కరోజే కదా, మిగిలిన సాయంత్రాల మాటేమిటి? మీవాళ్ళలో నలుగురిని పోగుచేసి షటిల్ అయినా మొదలుపెట్టు. నువ్వు ఉండే మియాపూర్‌కు అమీన్‌పూర్ చెరువు దగ్గరే. 2016లో దానిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, చలికాలంలో వలస పక్షులు వస్తాయి. ఆదివారం పొద్దున్నే ఫ్లాస్కులో టీ పోసుకుని అందరూ కలిసి వెళ్ళవచ్చు. జనవరి 1న నాంపల్లిలో నుమాయిష్ మొదలవుతుంది, నెలన్నర ఉంటుంది. అక్కడికి కూడా ఒక్కడివే వెళ్ళకు.

31వ తేదీ రాత్రి గురించి రాయకూడదనుకున్నాను గాని, రాయక తప్పడం లేదు. ఆఫీసువాళ్ళు పిలిస్తే ఊరికే కూర్చుని వస్తానని ఒప్పుకోవద్దు. ఆ రాత్రి మీ మీటింగువాళ్ళు ఎక్కడ కూడితే అక్కడికి వెళ్ళి, పులిహోర నువ్వే కలుపు, కొలతలు అమ్మ ఫోనులో చెబుతుంది. దగ్గు వస్తే అరిష్టాలు, ఆసవాలు తాగకు, పులియబెట్టి చేస్తారు కనుక వాటిలో ఆల్కహాలు ఉంటుంది. అల్లం, మిరియాల కషాయం చాలు. డాక్టరుగారి మాత్రలు నీ అంతట నువ్వు ఆపవద్దు.

ఉపన్యాసం అవుతోందని తెలుసు, నాన్నా. ఒకవేళ ఈ నాలుగు వారాల్లో మళ్ళీ పుచ్చుకుని ఉంటే, అదీ నాకు చెప్పు. తిట్టను. ఆ రాత్రి బస్సుకే బయలుదేరి వస్తాను, ఇద్దరం కలిసి డాక్టరుగారి దగ్గరికి వెళదాం.

పండక్కి ఇంటికి వెళ్ళలేనివాళ్ళు మీ మీటింగులో ఉంటే నీతో తీసుకురా. కోడిపందేల బరుల వైపు ఎవరమూ వెళ్ళం. భోగిమంటకు దుంగలు సిద్ధం చేశాను, పిడకల దండలు సూరమ్మత్త గుచ్చుతోంది. నలుగురైనా ఐదుగురైనా పడమటి గదిలో చాపలు వేస్తే సరిపోతుంది. ఎంతమంది వస్తారో ముందుగా చెబితే అమ్మ దుప్పట్లు ఉతికి ఉంచుతుంది.

ఈ ఆదివారం మీటింగు అయ్యాక ఆ టీ కొట్టు దగ్గరే నిలబడి ఫోను చెయ్యి.

ఇట్లు,
మీ నాన్న