హేవలాక్ వంతెనపై నడిచే దారి కావాలి

సంపాదకులకు నమస్కారం.

రాజమహేంద్రవరంలో గోదావరిపై ఉన్న పాత రైలు వంతెన హేవలాక్‌ను పర్యాటక కేంద్రంగా మార్చేందుకు 2025 జూన్‌లో అఖండ గోదావరి పథకం కింద శంకుస్థాపన జరగడం, అదీ ఇన్నేళ్ల ఎదురుచూపు తర్వాత జరగడం, సంతోషమే. అయితే అది సాయంత్రాలు టికెట్టు కొని చూసొచ్చే వింతగా మిగిలిపోకుండా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నడిచో సైకిలు తొక్కో వెళ్లగలిగే దారి కావాలని అవతలి ఒడ్డునున్న కొవ్వూరు వాసిగా నా విన్నపం.

1900లో రైళ్లకు తెరిచిన ఈ వంతెన 56 స్పాన్లతో (రెండు స్తంభాల మధ్య భాగాన్ని స్పాన్ అంటారు), దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున, 1997 వరకు రైళ్లను మోసింది. చిన్నప్పుడు పాసింజరు బండి కిటికీలోంచి నేను విసిరిన పైసా గర్డరుకు తగిలి ఖంగుమంటే, మా నాయనమ్మ "గోదారమ్మకి అందలేదురా, ఇంకోటి వెయ్యి" అని కొంగుముడి విప్పేది. ఇప్పుడు రైళ్లు వెళ్లే పక్కనున్న ఆర్చి వంతెనకు 28 స్పాన్లే కాబట్టి, ఇప్పటి పిల్లలకు గురి కాస్త సులువేమో.

1974 నాటి రోడ్డు-రైలు వంతెనను మరమ్మతులకు మూసినప్పుడల్లా కార్లున్నవారు నాలుగో వంతెన మీదుగానో ధవళేశ్వరం బ్యారేజీ మీదుగానో చుట్టూ తిరిగి పోతారు. సైకిలుకు క్యారేజీ తగిలించుకుని పనికి వెళ్లే మనిషికి ఆ చుట్టుదారి కూలిలో సగం పూటను మింగేస్తుంది. వంతెన తెరిచి ఉన్న రోజుల్లోనూ, బస్సులు రాసుకుంటూ పోయే ఆ రోడ్డు మీద, గోదారి గాలికి హ్యాండిలు వంకరపోతుంటే, తొక్కడం ప్రాణసంకటమే.

పడవల సంగతి కూడా పట్టించుకోవాలి. వేసవిలో ఇసుక మేటలు పడి పాయ పక్కకు జరిగినప్పుడు ఏ స్పాన్ కింద లోతుందో సరంగులకే తెలుస్తుంది. భద్రాచలం నుంచి రాజమహేంద్రవరం వరకు 171 కిలోమీటర్ల గోదావరి 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో భాగం కనుక, వంతెనకు రంగురంగుల దీపాలు వేలాడదీసే ముందు సరంగులను అడిగి, పడవ పోవలసిన స్పాన్‌కు ఒక గుర్తు దీపం పెట్టాలి. ఏ ఏటికి ఆ ఏడు దాని చోటు మార్చుకోవచ్చు.

2027 పుష్కరాలకు మిగతా హంగులు పూర్తి కాకున్నా, గట్టి రెయిలింగుతో ఒక్క సైకిలు పట్టేంత దారినైనా కొవ్వూరు దాకా ముందుగా తెరవాలని అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, కొవ్వూరు