నాటుకోడికీ వడదెబ్బ తగులుతుంది

సంపాదకులకు నమస్కారం.

ఎండాకాలం వచ్చిందంటే మీ పత్రికలో రెంటచింతల పేరు కనిపించని రోజు తక్కువ. మాది ఆ చుట్టుపక్కల ఊరే. డిగ్రీల సంగతి మా నెత్తికే తెలుసు కాబట్టి ఆ అంకెలకన్నా పక్కన వేసే జాగ్రత్తలే నేను చదువుతాను. ముసలివాళ్లు, పిల్లలు బయటికి రావొద్దని ఉంటుంది. గేదెలకు నీళ్లు పెట్టమని ఉంటుంది. పెద్ద కోళ్ల ఫారాలవాళ్లకు నీటి తుంపర చల్లే ఫాగర్ల గురించి కూడా ఒకసారి రాశారు. పెరట్లో ఎనిమిదో పదో కోళ్లు పెంచుకునే మాలాంటి ఆడవాళ్లకు పనికొచ్చే ముక్క మాత్రం ఇంతవరకూ చూడలేదు.

పోయిన వారం మా పెట్ట ఒకటి పడిపోయింది. తప్పు నాదే. పక్కింట్లో గుడ్డు పెట్టి వస్తోందని పొద్దున్నే గంప కింద మూశాను. అప్పుడక్కడ నీడే. మధ్యాహ్నం రెండింటికి చూస్తే గంప మొత్తం ఎండలో ఉంది. తీయగానే పెట్ట నోరు తెరుచుకుని రొప్పుతూ, రెక్కలు ఒంటికి దూరంగా వాల్చి, రెండడుగులు తూలి కూలబడింది.

పక్కింటావిడ చూసి, "తెగులు తగిలినట్టుంది వదినా, ప్రాణం ఉండగానే కోసెయ్యి. మిగతావి సాయంత్రంలోపు అమ్మేసుకో" అంది. ఆమెనని ఏం లాభం? మా వైపు ఎండాకాలంలో కోడి తల వాల్చిందంటే కొక్కెర తెగులనే, కోళ్లను వరసగా చంపే ఆ అంటురోగమనే అనుకుంటారు. ఆ భయంతో ఐదారు వందలు పలికే కోడిని సగానికి సగం ధరకి ఇచ్చేసినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. రెండేళ్ల కిందట నేనూ ఇచ్చేశాను.

ఈసారి మా అత్తమ్మ ఒప్పుకోలేదు. "పొద్దున శుభ్రంగా గింజలు తిన్నదానికి ఇంతలో తెగులేంటే" అంటూ పెట్టను వరండాలోకి తెచ్చింది. బేసిన్‌లో కుండనీళ్లు పోసి కాళ్లు మునిగేలా నిలబెట్టాం. తడిగుడ్డతో తురాయి, గడ్డం కింద వేలాడే ఎర్రతోలు అద్దాం. కోడికి చెమట పట్టదు. ఒంట్లో వేడి బయటికి పోవాలంటే నోటితో రొప్పాలి, లేదా ఈకలు లేని ఇలాంటి చోట్ల నుంచి పోవాలి. మా అబ్బాయి కంగారుగా ఫ్రిజ్‌లోని ఐస్ నీళ్లు తెచ్చి మీద గుమ్మరించబోతే ఆపాను. అంత వేడెక్కిన ఒంటి మీద ఒక్కసారిగా ఐస్ నీళ్లు పడితే కోడి తట్టుకోలేదు.

తాగించేటప్పుడు ఇంకా పెద్ద పొరపాటు జరుగుతుంది. ముక్కు తెరిచి గ్లాసుతో పోసేస్తాం. కోడికి ఊపిరి పీల్చే దారి నాలుక వెనకే ఉంటుంది. నీళ్లు అందులోకి పోయాయా, ఎండకు చావనిది మన చేతిలో చస్తుంది. మేం వేలు ముంచి ముక్కు అంచున ఒక్కో చుక్కే వదిలాం. అది మింగాక ఇంకోటి. కాస్త తేరుకుని తనంతట తానే తాగడం మొదలుపెట్టాక ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్లు పెట్టాం. గంటన్నరకి లేచి నిలబడింది. మర్నాడు తోలుగుడ్డు పెట్టింది. ఎండకి రొప్పే కోళ్లలో గుడ్డు పెంకు అలాగే పలచబడుతుందట.

తెగులు అసలు ఉండదని కాదు. తెగులు పట్టిన కోడి చల్లని పొద్దుపూట కూడా ముడుచుకునే కూర్చుంటుంది, ఆకుపచ్చగా రెట్ట వేస్తుంది, కొన్నింటికి మెడ మెలితిరుగుతుంది. రెండు మూడు రోజుల్లో వరసగా పోతాయి. అప్పుడు పశువైద్యుడికి చెప్పాల్సిందే. అమ్మేస్తే ఆ తెగులుని ఇంకో ఊరికి పంపినట్టే. దాని టీకా సీసా వంద కోళ్లకో, ఇంకా ఎక్కువకో సరిపడా వస్తుంది. కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లున్న మనిషి ఒక్కతే కొనడం అయ్యే పనేనా? ఫిబ్రవరిలోనే ఒక రోజు పెట్టి, మైకులో చెప్పి, ఊళ్లో కోళ్లన్నిటికీ ఒకేసారి వేయిస్తే ఎండలు ముదిరేసరికి ఈ టెన్షన్ సగం తగ్గుతుంది.

సంక్రాంతి పుంజులకు బాదంపప్పు పెట్టి, ఈత కొట్టించి మరీ పెంచే జిల్లాలున్న రాష్ట్రం మనది. ఏడాది పొడుగునా ఇంట్లోకి గుడ్లిచ్చే పెట్ట గురించి చెప్పేవాళ్లే లేరు.

ఒకప్పుడు చుట్టుగుడిసె పక్కన వేపచెట్టు కింద కోళ్లు మట్టిలో పొర్లేవి. ఇప్పుడు పెరడంతా సిమెంటు, కోడిగూడు మీద రేకు. మేం రేకు మీద తాటాకులు పరిచి, పైన గోనెసంచులు తడిపి వేస్తున్నాం. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు ఎండకి కాగిపోతే కోడి ముట్టదు. మట్టి మూకుడు నీడలో పెట్టి పూటకోసారి నీళ్లు మార్చాలి. తిన్నది అరిగేటప్పుడు కూడా ఒళ్లు వేడెక్కుతుంది కాబట్టి గింజలు తెల్లవారుజామున, మళ్లీ పొద్దువాలాకే. పొదిగే పెట్టలతో మరీ కష్టం, దాహమైనా గుడ్ల మీద నుంచి దిగవు. నీళ్ల చిప్ప వాటి ముక్కు దగ్గరికే తీసుకెళ్లాలి.

పంచాయతీలవాళ్లను అడిగేది ఒక్కటే. వడగాలుల హెచ్చరిక మైకులో చదివేటప్పుడు కోళ్ల గురించి కూడా రెండు మాటలు చేర్చండి. చలివేంద్రాలు, పశువుల తొట్లు కట్టిస్తున్నారు, సంతోషం. ఆ తొట్టి అంచు కోడికి అందదు. పక్కన నేల మీద ఒక మూకుడు పెట్టిస్తే ఖర్చెంత?

మిమ్మల్ని అడిగేది కూడా చిన్నదే. రోహిణి కార్తె వెళ్లేదాకా మీ జాగ్రత్తల కాలమ్‌లో నాలుగు లైన్ల చోటు ఇవ్వండి. గంప మీదికి ఎండ ఎప్పుడొస్తుందో చూసుకోమన్న మాట మాత్రం మొదటి లైనులో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పల్నాడు జిల్లా